నల్లకాగితపు అరచేయి

తొమ్మిది గంటలకు ఎండ మిద్దె మీదికి ఎక్కేది. ధాత్రి కూడా అప్పుడే ఎక్కేది. ఆరేళ్ల పిల్ల. ఒంటి మీద చిన్న చెడ్డీ తప్ప ఏమీ లేకుండా ఈతచాప మీద బోర్లా పడుకుని, గడ్డం కింద చేతులు పెట్టుకుని, తిండి తినడం మొదలుపెట్టేది. ఆ పిల్లకు తిండి అంటే ఎండే. మెడ కింది నుంచి నడుము దాకా ఆమె చర్మం లేత చిక్కుడాకు రంగులో ఉండేది. మధ్యాహ్నానికి అది ముదురాకు రంగుకు తిరిగేది. అప్పుడు తల్లి నాగరత్న మిద్దెక్కి, బిడ్డ వీపు మీద బొటనవేలితో నొక్కి చూసి, నిండిందా అని అడిగేది. ఇంకొంచెం అనేది ధాత్రి, ఇంకో దోసె అడిగే పిల్లలాగా.

అనంతపురం జిల్లాలో దేనికి కరువున్నా ఎండకు కరువు లేదు. పాలు పోసే ఓబుళమ్మ ఆ మాటే అనేది. మొదట్లో ఆమె ఆ పిల్లను చూసి భయపడి, గేటు బయటనే చెంబు పెట్టిపోయేది. తర్వాత తర్వాత అలవాటు పడింది.

"మా చేన్లో సెనక్కాయల్ని మాడబెట్టే ఎండ, మీ బిడ్డకు బువ్వ పెడ్తాంది సూడు టీచరమ్మా. దానికి మా మీదనే పగ," అనేది.

ధాత్రి పుట్టినప్పుడు బాగానే ఏడ్చింది. పాలు తాగింది. కానీ తాగినది ఒంటికి పట్టలేదు. పేగుకు పీల్చుకునే శక్తి లేదని, ఇలాంటి బిడ్డలు రెండేళ్లకు మించి ఉండరని డాక్టర్లు చెప్పారు. తండ్రి చంద్రమౌళి కొండ కింద ఉన్న పరిశోధన కేంద్రంలో పనిచేసేవాడు. గడ్డి మొలవని సంవత్సరాల్లో గొర్రెపిల్లలను ఎండతోనే బతికించాలని అక్కడ ఏళ్ల తరబడి ఒక నాచును పెంచుతున్నారు. బొచ్చు తీసేసిన వీపు మీద, సన్నని సూదులతో చర్మం కిందికి ఎక్కిస్తే, ఆ నాచు అక్కడే కాపురం పెట్టి, ఎండతో చక్కెర వండి, నెత్తురులోకి వదిలేది. ధాత్రికి రెండేళ్లు నిండేనాటికి ఆ గొర్రెపిల్లలు ఏడాదిగా బతికే ఉన్నాయి. ధాత్రి మాత్రం ఎత్తుకుంటే దుప్పటి ఎత్తుకున్నట్టు ఉండేది. చావబోయే బిడ్డకు ఆఖరి ప్రయత్నమని రాసి, సంతకాలు పెట్టి, నాచు ఎక్కించారు. నలభై రోజులకు ధాత్రి లేచి నిలబడింది. ఆ తర్వాత అదే జబ్బుతో పుట్టిన ఇంకో పదకొండు మంది బిడ్డలకు కూడా ఎక్కించారు.

బడికి పంపితే ఒక్క వారం గడిచింది. ఆ వారంలో తోటిపిల్లలు తడిగుడ్డతో ధాత్రి వీపు రుద్ది చూశారు, రంగు పోతుందేమోనని. ఎండపొద్దంతా బిడ్డ గది బయటే ఉండాలంటే మాకు కుదరదమ్మా అని హెడ్‌మాస్టరు మర్యాదగానే చెప్పాడు. నాగరత్న హైస్కూల్లో పద్నాలుగేళ్లు సైన్సు చెప్పిన టీచరు. ఆ నెలలోనే ఉద్యోగానికి రాజీనామా రాసింది. పెద్దది మేదిని, చెల్లి ఎక్కడుంటే నేనూ అక్కడే అంది. అలా ఆ పెరడు బడి అయింది.

పెరట్లో పుస్తకాలు తక్కువ. పాతిన కర్ర నీడ ఉంది, గంటగంటకూ దాని కొసన ఒక గులకరాయి పెట్టాలి. కోసిన నీళ్లసీసాతో చేసిన వానకొలత ఉంది, దాంట్లో వాన కంటే దుమ్మే ఎక్కువ పడేది. చీమల పుట్ట, తడిగుడ్డలో మొలకెత్తే ఉలవలు, గోడ మీద పాకే చిక్కుడుపాదు. ఒక్కొక్కరికి ఒక్కో నోట్సు. దాంట్లో ప్రతి ప్రయోగానికీ ఉద్దేశం, పరికరాలు, విధానం, పరిశీలన, నిర్ధారణ అని అయిదు శీర్షికలు, అడుగున చేసినవారి పేరు. రాసేది సిరా పెన్నుతోనే. తప్పు పోతే ఒక్క గీత కొట్టాలి తప్ప తుడవకూడదు. మొదలుపెట్టిన ప్రయోగం మధ్యలో ఆపితే అది ప్రయోగమే కాదు. ఇవన్నీ నాగరత్న హైస్కూల్లో పెట్టిన నియమాలే. పిల్లలు ఏం అడిగినా ఆమె జవాబు చెప్పేది కాదు. చీమకు చెవులుంటాయా, ఉలవను తలకిందులుగా పాతితే వేరు పైకి వస్తుందా, ఏదడిగినా ఒకటే మాట. చేసి చూస్తే తెలుస్తాది. ఆ మాటను ధాత్రి గొంతు మార్చి అనుకరించేది. ఓబుళమ్మ పోసిన పాలు పల్చగా ఉన్నాయేమిటని తల్లి అడిగితే కూడా మేదిని అదే మాట అనేది.

ఆ ఆదివారం చంద్రమౌళి ఇంట్లో ఉన్నాడు. వారమంతా కేంద్రంలోనే ఉండి ఆదివారం ఒక్కరోజే వచ్చేవాడు. నాయన ముందర చెయ్యాలని పిల్లలు ఆకు ప్రయోగం ఆ రోజుకు దాచిపెట్టారు. రెండు రోజుల ముందే మేదిని చిక్కుడాకులకు నల్లకాగితం ముక్కలు క్లిప్పులతో బిగించింది. కోసి తెచ్చిన ఆకులను నాగరత్న స్పిరిట్‌లో ఉడకబెట్టింది. పచ్చదనమంతా స్పిరిట్‌లోకి దిగి ఆకులు తెల్లబోయాక, మేదిని వాటి మీద అయోడిన్ చుక్కలు వేసింది. ఎండ తగిలిన చోటల్లా ఆకు నల్లని నీలంగా మారింది. కాగితం కప్పిన చోట మాత్రం పాలిపోయి అలాగే ఉండిపోయింది.

"చీకట్లో ఆకు బువ్వ వండుకోలేదు," అంది మేదిని, తండ్రి వైపు చూసి. చంద్రమౌళి ఆ ఆకును వెలుతురుకు పట్టుకుని చూసి, బిడ్డ తల నిమిరాడు.

ధాత్రి తల్లి కొంగు పట్టుకుంది. "అమ్మా, నాది గూడా ఆకేనా?"

నాగరత్న చేతిలో వేడి స్పిరిట్ గిన్నె ఉంది. పొయ్యి ఇంకా ఆరలేదు. ఆమె చూపంతా మంట మీద ఉంది.

"ఏమో. చేసి చూస్తే తెలుస్తాది," అంది.

ఆ సాయంత్రం చంద్రమౌళి కేంద్రానికి వెళ్లిపోయాడు. మేదినికి ఆ వారమే పదేళ్లు నిండాయి. ఇక మీదట చెల్లెలిని ఎండకు తీసుకుపోయేదీ, స్నానం చేయించేదీ నువ్వేనని తల్లి ఆమెకు పెత్తనం ఇచ్చింది. ఆ పిల్ల మెడలో గొలుసు వేసినంత సంబరపడింది.

గురువారం పొద్దున నాగరత్న వంటింట్లో చింతపండు పిసుకుతోంది. ధాత్రి మిద్దె మీద ఉండాల్సిన వేళ. వచ్చి గడపలో నిలబడింది.

"అమ్మా, ఆకలంటే ఇట్లనే ఉంటాదా?"

నాగరత్న చేయి గిన్నెలోనే ఆగింది. నాలుగేళ్లుగా ఆ బిడ్డ నోట వినని మాట అది. ఎట్లుందని అడిగింది. కడుపులో ఎవరో లాగుతున్నట్టు ఉందని ధాత్రి చెప్పింది. మేదినిని అడిగితే అదే ఆకలి అని చెప్పిందట.

ఓబుళమ్మ ఆ మాట విని సంతోషించింది. బిడ్డకు ఆకలేసిందంటే పేగు బాగుపడిందనే అర్థమని, గంజి కాచి ఇమ్మని చెప్పింది. నాగరత్నకు కూడా ఒక్క క్షణం ఆ ఆశ తగిలింది. పలచని రాగిగంజి నాలుగు చెంచాలు తాగించింది. పది నిమిషాలకే వాంతి అయింది. శుక్రవారం జ్వరం వచ్చింది. వీధిలో ఇంటింటా జ్వరాలు ఉన్నాయి. ఫోనులో చెబితే చంద్రమౌళి జ్వరం మందు మోతాదు చెప్పి, ఆదివారం దాకా చూద్దామన్నాడు. ఆమె బిడ్డకు గౌను తొడిగి, దుప్పటి కప్పి పడుకోబెట్టింది.

శనివారం మిట్టమధ్యాహ్నం జ్వరం దిగలేదు. నాగరత్న తడిగుడ్డతో ఒళ్లు తుడుద్దామని గౌను విప్పి, బిడ్డను పక్కకు తిప్పింది. గుడ్డ నడుము దగ్గర దేనికో తట్టుకుంది. పైకి లాగి తొడిగిన చెడ్డీ పట్టీ కింద కరెంటు టేపు. పట్టి లాగింది. టేపుతో పాటు నల్లకాగితం ఊడి వచ్చింది. అరచేయి ఆకారంలో కత్తిరించిన కాగితం, అయిదు వేళ్లతో.

దాని కింద వీపు మీద అదే అరచేయి తెల్లగా ఉంది. మజ్జిగ మీది తెట్టులా తెల్లగా. ఆ తెల్లని వేళ్ల కొసల నుంచి సన్నని తెల్లని పోగులు బయలుదేరి, పచ్చని వీపంతా పైకి పాకి, పక్కటెముకల దాకా వేర్లలాగా అల్లుకుపోయాయి.

నీళ్ల చెంబుతో మేదిని గదిలోకి వచ్చింది. తల్లి చేతిలో కాగితం చూసింది.

"తీయొద్దమ్మా. రేపు నాయనొచ్చినాక తీయాల," అంది.

నాగరత్న కాగితపు వేళ్లను చూసింది. ఇది ఎవరి పని అని అడగాల్సిన అవసరం లేదు. ఆ అరచేయి కొలత ఆమెకు తెలుసు. ఆ కాగితాన్ని చేతిలోనే పట్టుకుని ఎంతసేపు అలా నిలబడిందో తర్వాత ఎంత ఆలోచించినా ఆమెకు గుర్తు రాలేదు. మేదిని చెంబు కింద పెట్టి, తల్లి మోచేయి పట్టి కదిపితే కదిలింది.

ఆ సాయంత్రమే బిడ్డను కేంద్రానికి చేర్చారు. అక్కడ చంద్రమౌళి ఆమె వీపు నుంచి రవ్వంత గీకి తీసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. చూసి, కుర్చీ పక్కనే ఉన్నా నేల మీద కూర్చున్నాడు. కిటికీ బయట దొడ్డిలో పచ్చని వీపుల గొర్రెపిల్లలు ఎండలో నిలబడి ఉన్నాయి.

ఆయన చెప్పింది నాలుగు మాటలే. ఎండ అందనప్పుడు నాచు చచ్చిపోతుందని వాళ్లందరూ అనుకున్నారు. అది చావలేదు. పస్తున్న నాచు లోపలికి వేరుదన్ని, బిడ్డ నెత్తురునే తినడం నేర్చుకుంది. ఒకసారి ఆ రుచి తెలిశాక ఎండ చూపించినా అది మళ్లీ వండే పనికి రాలేదు. పక్కనున్న నాచుకు కూడా ఆ రుచి నేర్పింది. నిరుడు ముసురు పట్టినప్పుడు రెండు గొర్రెపిల్లలు చచ్చిపోయాయి. రిజిస్టరులో జలుబు అని రాశారు.

"ఇట్ల ఒకటుంటుందని మాకు తెలీదు రత్నా," అన్నాడు.

"ఎందుకు తెలీదు?"

"చీకట్లో పెట్టి ఎవరూ చూడలేదు. బతకాల్సిన దాన్ని చీకట్లో ఎవరు పెడతారు?"

నాగరత్న కిటికీ బయటి గొర్రెపిల్లల వైపు తిరిగింది. ఆకుకు నల్లకాగితం చుట్టడం ఎనిమిదో తరగతి పిల్లలు చేసే ప్రయోగం. ఇంతమంది చదువుకున్నవాళ్లున్న ఆ కేంద్రంలో దాన్ని ఎవరూ చెయ్యలేదు. తన ఇంట్లో పిల్లలు చేశారు.

నాచును చంపే మందు ఉంది. అది తెల్లదాన్నీ పచ్చదాన్నీ కలిపే చంపుతుంది. ముందు తెల్లబడిన మేర వరకే వేసి చూశారు. మరుసటి రోజుకు తెలుపు భుజాల దాకా వెళ్లింది. సెలైన్ ఎక్కించారు. ఎక్కించినది ఎక్కించినట్టే నాచు తాగేసింది. సోమవారం పొద్దున ధాత్రి ఎండ కావాలని అడిగింది. వరండాలో మంచం వేసి పడుకోబెట్టారు. ఆ పిల్ల గొర్రెపిల్లలను చాలాసేపు చూసింది.

"అక్క నిర్ధారణ రాసిందా?" అని అడిగింది.

రాస్తుందని తల్లి చెప్పింది. పదకొండు గంటలకు, మంచి ఎండలో, ధాత్రి పోయింది.

ఆ తర్వాత పదిరోజులు గడిచాయి. వచ్చినవాళ్లు వచ్చారు, పోయినవాళ్లు పోయారు. ఓబుళమ్మ పాలు పోసి, అరుగు మీద కాసేపు కూర్చుని, కళ్లు తుడుచుకుని లేచిపోయేది. మేదిని రోజూ తొమ్మిదింటికి మిద్దెక్కి ఈతచాప పరిచేది. కాసేపటికి చుట్టేసుకుని దిగివచ్చేది. ఏమీ అడిగేది కాదు. ఆ పిల్ల ఏదీ అడగకుండా ఒక రోజు గడవడం నాగరత్న అంతకుముందు ఎరగదు. చిక్కుడుపాదు మీద రెండు ఆకులకు నల్లకాగితం ముక్కలు ఇంకా క్లిప్పులతోనే వేలాడుతున్నాయి. వాటి మీద ఎవరూ చేయి వేయలేదు.

మేదిని నోట్సు నాగరత్న దగ్గరే ఉంది. కేంద్రం నుంచి తిరిగి వచ్చిన రోజే దాన్ని తీసి, తెరవకుండా, బియ్యం డబ్బాలో అడుగున పెట్టింది. నీళ్లపొయ్యిలో వేద్దామని రెండుసార్లు బయటికి తీసి, రెండుసార్లూ మళ్లీ అక్కడే పెట్టింది. కాగితం ముక్క అంటించింది పిల్లలని ఆమె భర్తతో మాత్రమే చెప్పింది. ఆయన కేంద్రంలో, ఆడుకుంటూ ఏదో పట్టీ అంటించుకుందని మాత్రం చెప్పాడు. ఎవరు, ఏ రోజు, ఎందుకు అన్నది ఆ నోట్సులో తప్ప ఎక్కడా లేదు. నోట్సు లేకపోతే అది ఒక ఆటలో జరిగిన ప్రమాదం. మేదిని పెద్దదైనాక అలాగే గుర్తుంచుకోవచ్చు.

పదకొండో రోజు చంద్రమౌళి కేంద్రం జీపులో వచ్చాడు. చెప్పులు విప్పకుండా వరండాలోనే కూర్చున్నాడు. సముద్రంలో తుఫాను లేచిందనీ, ఎల్లుండి నుంచి జిల్లా అంతటా నాలుగు రోజులు ముసురు తప్పదనీ చెప్పాడు. దీపాల వెలుతురు ఇవ్వడానికి కరెంటు కూడా ఉండదు. పదకొండు ఇళ్లల్లో పదకొండు మంది పచ్చని బిడ్డలున్నారు.

"ముసురు పట్టకముందే అందరికీ చంపే మందు వేసేద్దామంటున్నారు. వేస్తే వాళ్ల నోరు మనమే కుట్టేసినట్టు. నెల బతికితే ఎక్కువ. వేయకుంటే ధాత్రికైనట్టే అయితాదేమో." ఆయన ఆకాశం వైపు చూశాడు. "ఎన్ని రోజుల చీకటికి ఆ నాచు తిరగబడుతుందో తెలిస్తే చాలు రత్నా. ఒక రోజా, అయిదు రోజులా? తెలిస్తే ఆలోపల ఒక్కొక్క ఇంటికీ జనరేటరు, దీపాలు చేర్చి బతికించుకోవచ్చు. గొర్రెపిల్లలకు నిన్ననే నల్లగుడ్డలు కట్టినాం. అవి జవాబు చెప్పేలోపల ముసురు వచ్చేస్తాది. గంటలో నేను పోయి ఏదో ఒకటి చెప్పాల."

నాగరత్న లేచి వంటింట్లోకి వెళ్లింది. బియ్యంలో మోచేతి దాకా చేయి పెట్టి నోట్సు బయటికి తీసింది. కిటికీ దగ్గర నిలబడి తెరిచింది.

ఉద్దేశం: ధాత్రి వీపు కూడా ఆకేనా అని తెలుసుకోవడం. చేసి చూస్తే తెలుస్తుందని అమ్మ చెప్పింది.

పరికరాలు: నల్లకాగితం, కరెంటు టేపు, కత్తెర, ధాత్రి.

ఆ మాట దగ్గర నాగరత్న కళ్లు మూసుకుంది. మళ్లీ తెరిచేసరికి ఆ మాట అక్కడే ఉంది, గుండ్రని అక్షరాలతో, కామా తర్వాత.

విధానం: నా అరచేతిని కాగితం మీద గీసి కత్తిరించి, ధాత్రి నడుము మీద సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు అంటించాను. నాన్నకు ఆదివారం చూపించాలి.

పరిశీలన: సోమవారం సాయంత్రం చిటికెన వేలు ఎత్తి చూశాను. ఆకుపచ్చగానే ఉంది. వెంటనే అంటించాను.

మంగళవారం మధ్యాహ్నం చిటికెన వేలు కింద లేత పసుపు. గంటసేపు ఎండ తగలనిచ్చాను. మళ్లీ పచ్చబడింది. అంటించాను.

బుధవారం మధ్యాహ్నం ఉంగరపు వేలు ఎత్తాను, ఎందుకంటే చిటికెన వేలుకు నిన్న ఎండ తగిలింది కాబట్టి లెక్క కాదు. తెల్లగా ఉంది. గంటసేపు ఎండలో పెట్టినా పచ్చబడలేదు. ధాత్రి చురుక్కుమంటోంది అంది.

గురువారం ధాత్రికి ఆకలి.

శుక్రవారం జ్వరం. తీసేద్దామా అని అడిగాను. మధ్యలో ఆపితే ప్రయోగం కాదని ధాత్రి చెప్పింది. అమ్మ కూడా అలాగే చెబుతుంది.

నిర్ధారణ అని రాసి కింద ఖాళీగా వదిలేసింది. ఆ ఖాళీ కింద, చేసినవారి పేరు ఉండాల్సిన చోట, సిరారబ్బరుతో గట్టిగా రుద్దిన గుర్తు ఉంది. కాగితం అక్కడ ఉల్లిపొరలా పల్చబడి, కిటికీ వెలుతురు దాని గుండా కనబడుతోంది.

నాగరత్న బుధవారం నాటి వాక్యాలు మళ్లీ చదివింది. ముందురోజు ఎండ తగిలిన వేలిని వదిలేసి ఇంకో వేలు చూడాలని పదేళ్ల పిల్లకు తోచింది. పద్నాలుగేళ్లలో ఆమె దగ్గర చదివిన పెద్ద పిల్లల్లో అలా తోచినవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఎంత బాగా చేసింది అని మనసులో మాట లేచింది. ఆ మాట అనుకున్నది తనేనని నమ్మడానికి గోడను ఆనుకోవలసి వచ్చింది.

వంటింటి గడపలో మేదిని నిలబడి ఉంది.

"కాల్చేసినావేమో అనుకున్నా," అంది.

"కాల్చాలనే దాచినా."

మేదిని లోపలికి రాలేదు. బియ్యం అంటిన తల్లి చేతిని చూస్తూ అడిగింది.

"కాగితం వల్లనేనా అమ్మా?"

పదకొండు రోజుల తర్వాత ఆ పిల్ల అడిగిన మొదటి ప్రశ్న అది. అలవాటు కొద్దీ పాత మాటే నాగరత్న నాలుక కొసకు వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది. ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పడం ఆమెకు కొత్త.

"కాగితం వల్లనే."

మేదిని ఏడవలేదు. లెక్కకు జవాబు సరిపోయినప్పుడు ఊపినట్టే తల ఊపింది. నేల వైపు చూస్తూ చెప్పింది.

"తెల్లగయినప్పుడు నాకు భయమేసింది. కానీ ఫలితం వచ్చిందని సంతోషం గూడా అయిందమ్మా. ఎవరికీ చెప్పలేదు."

"నాకూ అయింది," అంది నాగరత్న. "ఇప్పుడే, చదువుతాంటే."

మేదిని తలెత్తి తల్లి ముఖంలోకి చూసింది. తర్వాత వచ్చి ఆమెను ఆనుకుని నిలబడింది. నాగరత్న ఎడమచేత్తో బిడ్డను దగ్గరికి తీసుకుని, కుడిచేత్తో నోట్సు గట్టు మీద పెట్టింది. మిగతా పదకొండు మంది బిడ్డల గురించి చెప్పింది. వాళ్లకు కావలసింది ఈ పేజీలోనే ఉందని, నాయనకు ఇద్దామా అని అడిగింది.

"నా పేరు చూస్తే అందరూ..." అని మేదిని ఆగిపోయింది. "అందుకే తుడిచినా. మనం తుడవకూడదు గదా. అయినా తుడిచినా."

"అంటించింది నువ్వు. అంటించమన్నది నేను."

"నువ్వు ఊరికే అన్నావు."

"ఊరికే అన్నా. నువ్వు అడగలేదు, చెల్లి అడిగింది. దాని ముఖం గూడా చూడకుండా అన్నా."

వరండాలో చంద్రమౌళి లేచి నిలబడిన చప్పుడైంది. నాగరత్న చేయి కొంగుకు తుడుచుకుని, అలమరలో ఉన్న సిరా పెన్ను తీసుకుని మూత విప్పింది. నిర్ధారణ కింద, నల్లబల్ల మీద రాసేటప్పటి నిదానంతో, ఒక్కో అక్షరమే రాసింది. వెలుతురు అందని నాచు రెండో రోజు వరకు ఎండ చూపితే తిరిగి పచ్చబడుతుంది. మూడో రోజున పచ్చబడదు. అప్పటి నుంచి అది మనిషిని తింటుంది.

మేదిని ఒక్కో మాట పెదాలతో చదువుకుంది. సరిగ్గా ఉందా అని తల్లి అడిగింది. ఉందని చెప్పింది.

నాగరత్న ఇంకా కిందికి వచ్చి, రుద్దుడు పడిన చోట పెన్ను పెట్టింది. ప్రయోగం చేయించినవారు అని రాసి, పక్కన తన పేరు పూర్తిగా, టీచరు అన్న మాటతో సహా రాసింది. పల్చబడిన కాగితంలో సిరా నిలవలేదు. అక్షరాల అంచుల నుంచి సన్నని నీలం పోగులు నాలుగువైపులా బయలుదేరాయి.

"అమ్మా, పాకతాంది," అంది మేదిని.

"పాకనీలే."

వరండాలోంచి చంద్రమౌళి పిలిచాడు. వస్తున్నామని నాగరత్న జవాబిచ్చింది. సిరా ఆరేదాకా ఇద్దరూ ఆ పేజీ మూయలేదు.